యంత్రమునకు దేశకాలములు చెప్పుట

శుభకార్య మేదైనను ఆరంభించుటకు ముందు పురోహితుడు యజమానునిచేత సంకల్పము చెప్పించును. తా నే ద్వీపమున, ఏ నదుల నడుమ, ఏ సంవత్సరమున, ఏ తిథినాడు కూర్చుండియున్నాడో చెప్పుకొన్న పిమ్మటగాని కర్మ మొదలు కాదు. ఈ యాచారమును పరిహసించు నవీనులు కొందఱు గలరు. వా రొకసారి బయలుదేరనున్న విమానపు ముందరి గదిలో చోదకులు ఏమి చేయుదురో విచారించినచో, అచ్చటను మొదటి కార్యము దేశకాలనిర్ణయమే యని తెలిసికొందురు. ఉపగ్రహముల మాట విని త్రోవ చెప్పెడు రిసీవ రను యంత్రమునకు నేటి దినమేది, ఇప్పుడు గంట యెంత, విమానపు చక్రములు ఏ తావున నిలిచియున్నవి యను మూడు సంగతులును స్థిరపడవలయును. అవి స్థిరపడకమున్నే యంత్రముపై భారము వైచి కొండలమీదికి పోవుట ప్రాణములతో చెలగాట మాడుటయే యగును.

కొండల మాట ఊరక తేలేదు. విశాఖపట్టణమునుండి శృంగవరపుకోటమీదుగా అరకునకు బోవు బాటలో, మైదానము ముగిసి ఘట్టము మొదలగు చోట టైడా యున్నది. కొత్తవలస-కిరండోల్ రైలుమార్గమున నది యొక చిన్న స్టేషను. బైలదిల్లా గనుల ఇనుపరాతిని జపానునకు పంపుటకై 1960 దశకమున వేసిన యీ మార్గము సొరంగము వెంబడి సొరంగముగా కొండను దూరుకొనుచు, సుమారు 996 మీటర్ల యెత్తుననున్న శిమిలిగుడకు ఎక్కును. ఆ రైలులో అరకునకు బోయిన మన పాఠకులు తమ చేతిఫోనులలో ఒక వింతను గమనించియే యుందురు. సొరంగమున ప్రవేశించిన కొంతసేపటికి పటముమీది చుక్క నిలిచిపోవును. వెలుపలికి వచ్చిన పిమ్మట నది కాసేపు తడబడి, దాపుననున్న లోయలోనికో కొండనెత్తిమీదికో దుమికి, తుదకు పట్టాలమీదికి వచ్చి చేరును. ఫోను తడబడినంతమాత్రమున ప్రయాణికునికి నష్టము లేదు. రైలు పట్టాలమీదనే పోవును. ఆ కొండలమీదనే మేఘములో పోవుచున్న హెలికాప్టరునకు పట్టాలు లేవు.

శ్రావణ భాద్రపదములలో ఈ కొండల కొమ్ములు దినముల తరబడి మబ్బులో మునిగియుండును. విశాఖ విమానాశ్రయము నౌకాదళమువారి డేగా స్థావరముతో ఒకే రన్‌వేను పంచుకొనుచున్నది. అచ్చటినుండి టైడా కొండల అంచు హెలికాప్టరునకు పావుగంట, మించిన ఇరువది నిమిషముల దూరము. సముద్రమట్టమున బయలుదేరిన వాహనము అంత స్వల్పకాలములో వేల యడుగుల గోడ యెదుటికి వచ్చి నిలుచును. కావున ఈ యంత్రమును సిద్ధపఱచు పని ఎట్టిదో, దానికి మన దేశము ఏమి చేసినదో, ఇంకను ఏమి చేయక యున్నదో విచారించుట మన ప్రాంతమువారికి అప్రస్తుతము కాదు.

మొదట యంత్రధర్మము తెలియవలయును. అమెరికావారి జి.పి.యస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్నవి. ఒక్కొక్క దానియందును పరమాణుగడియారము గలదు. ప్రతి యుపగ్రహమును, "నే నిచ్చట నున్నాను, ఇప్పుడు వేళ యింత" యని యెడతెగక చాటుచుండును. ఆ పలుకు చెవి సోకుట కెంత యాలస్యమైనదో లెక్కించి, రిసీవరు ఉపగ్రహమెంత దూరమున నున్నదో కనుగొనును. మూడు సర్వేరాళ్లనుండి గొలుసు పట్టి నాలుగవ రాతి తావు తేల్చు అమీను చేయు పనియే యిది. అయితే భేదమొకటి గలదు. రేడియోతరంగము సెకనులో పదిలక్షలవ వంతున 300 మీటర్లు పోవును. అనగా గడియారము ఆపాటి తప్పినను పొలము గట్టు పొరుగూరికి జరుగును. రిసీవరులోని గడియారము చౌకది. దాని తప్పును గూడ లెక్కలోనికి తెచ్చి కనుగొనవలయును గనుక మూడు ఉపగ్రహములు చాలవు, నాలుగు కావలయును. ఇక ఆ పలుకు ఎంత బలహీనమైనదన, ఇంటిదీపమునకు పట్టు పాటి శక్తితో బయలుదేరి, అంత దూరము వచ్చునప్పటికి గాలిలోని సహజమైన రేడియోరొదకంటె క్షీణించిపోవును. కొండచాటున నున్న ఉపగ్రహపు మాట అసలే వినరాదు. కొండ చఱియకు తగిలి వచ్చిన మాట ప్రతిధ్వనివలె ఆలస్యముగా వచ్చి దూరము నెక్కువ చేసి చూపును. టైడా వంటి లోయలో ఆకాశమే సగము మూసుకొనిపోవును గనుక ఈ చిక్కు లచ్చట మైదానముకంటె హెచ్చు.

ఇప్పుడు సిద్ధపఱచుట యన నేమో చూతము. యంత్రమును వెలిగించినతోడనే అది తన్ను తాను పరీక్షించుకొని, తనలోని గడియారమును, కడపటిసారి ఆర్పినపుడు తానున్న తావును జ్ఞప్తికి తెచ్చుకొనును. తరువాత పంచాంగమును చూచును. ఇది మేము చమత్కారమునకు వ్రాసిన మాట కాదు; ఏ యుపగ్రహము ఏ వేళకు ఆకాశమున ఏ వైపున నుండునో తెలుపు పట్టికకు ఆ శాస్త్రజ్ఞు లిడిన పేరునకు అర్థము పంచాంగమనియే. దేశకాలములు సరిగా తెలిసియున్నచో పంచాంగమునుబట్టి ఇప్పుడు తలపై నున్న ఉపగ్రహము లివి యని యెఱిగి యంత్రము వెంటనే వానిని వెదకి పట్టుకొనును. విమానము నెలల తరబడి కొట్టములో పడియున్నను, యంత్రమును ఆర్పియుంచి వేల మైళ్ల దూరము తరలించినను, లోపలి బ్యాటరీ క్షీణించి గడియారము తప్పినను, పంచాంగము నిరుపయోగమై, యంత్రము గ్రుడ్డివానివలె ఆకాశమంతయు తడవవలసివచ్చును. అప్పుడు చోదకుడు స్వహస్తముతో తేదీని, వేళను, అక్షాంశ రేఖాంశములను అందించినచో పని త్వరపడును. ఉపగ్రహము పంపు సమాచారము సెకనునకు 50 అక్షరాంశముల చొప్పున మాత్రమే వచ్చును. తన స్థితిని తెలుపుటకు ఒక్కొక్క యుపగ్రహమునకు 30 సెకనులును, మొత్తము పంచాంగమును చదివి వినిపించుటకు పండ్రెండున్నర నిమిషములును పట్టును. ఆ పండ్రెండున్నర నిమిషములు నిలువలేని తొందరపాటు గలవాడు విమానము నడపుటకు తగడని మా యభిప్రాయము.

తేదీ విషయమున నొక చిత్రమున్నది. ఉపగ్రహములు దినమును వారముల సంఖ్యగా చెప్పును. ఆ సంఖ్య 1024 వారములు నిండగానే మరల సున్న యగును. మన అరువదియేండ్ల చక్రమున ప్రభవ మరల వచ్చినట్లు, దాదాపు ఇరువదియేండ్ల కొకసారి ఇది సంభవించును. 1999 ఆగస్టులోను, 2019 ఏప్రిలులోను సంభవించినది. ఏ చక్రమున నున్నామో యెఱుగని పాత యంత్రములు అట్టి సమయమున ఇరువదియేండ్లు వెనుకటి తేదీని చూపును. కావున తెరమీది తేదీని కంటితో చూచుకొనుట చిన్న పని యైనను విడువరానిది.

తావు కుదిరిన పిమ్మట దానిని పరీక్షింపవలయును. విమానము నిలిచిన చోటు విమానాశ్రయపు పటములో అక్షాంశ రేఖాంశములతో ముద్రితమై యుండును. యంత్రము చూపు అంకెలు వానితో సరిపోవలెను. ఇచ్చట భూస్వాములకు బాగుగా తెలిసిన వివాద మొకటి వచ్చును: ఏ సర్వే ప్రకారము? 1802లో చెన్నపట్టణమున కొలత మొదలుపెట్టిన లాంబ్టను దొరయు, అతని తరువాత కృష్ణాగోదావరుల నడిమి యడవులలో జ్వరపడియు పని విడువని ఎవరెస్టు దొరయు కట్టిన లెక్కలనుబట్టి భూమి యాకారమునకు 1830లో నొక కొలత ఏర్పడినది. మన దేశపు పాత పటము లన్నియు దానిమీదనే గీయబడినవి. ఉపగ్రహములు వేఱొక కొలతను, డబ్ల్యు.జి.యస్.-84 అను దానిని పాటించును. రెంటికిని మన ప్రాంతమున వందల యడుగుల భేదము గలదు. పాత పటమునుండి అంకెలు తీసి క్రొత్త యంత్రమున కందించినవాడు కొండకు ఇవతల నున్నాననుకొనుచు కొండమీదనే యుండవచ్చును. రెండు జరీబుల నడుమ రైతు నలిగిన కథలు మన కచేరీలలో ఎన్ని లేవు!

ఇంకను యంత్రములో స్థలముల పట్టిక యొకటి యుండును. విమానాశ్రయములు, దిగు మార్గములు, మధ్యనున్న గుర్తులు, వాని యెత్తులు అందులో నుండును. లోకమంతటను ఈ పట్టికను 28 దినముల కొకసారి మార్చుచుందురు. గడువు తీఱిన పట్టిక కాలము చెల్లిన అడంగలు వంటిది. అందు వ్రాసినది ఒకప్పుడు నిజమే కాని నేడు కాకపోవచ్చును. పట్టికలో నొక్క అంకె మాఱినందుకు లోకము చెల్లించిన మూల్యమును తలచుకొనుడు. 1979 నవంబరు 28వ తేదీన న్యూజిలాండువారి విమానము దక్షిణధ్రువప్రాంతమున ఎరెబసు పర్వతమును ఢీకొని, అందున్న 257 మందియు మరణించిరి. బయలుదేరుటకు ముందు రాత్రి నేలమీది కంప్యూటరులో ఒక గమ్యస్థానపు అంకెలు సవరింపబడినవి; ఆ సంగతి చోదకులకు తెలుపబడలేదు. నేరము చోదకులదని మొదటి విచారణయు, కంపెనీ నిర్వాహకులదని తరువాతి విచారణసంఘమును చెప్పినవి. ఆ విమానము నడిపినది ఉపగ్రహయంత్రము కాదు, దానికి పూర్వపు జాతి యంత్రము. అయినను ధర్మమొక్కటియే. యంత్రము తనకు చెప్పినదానిని తు. చ. తప్పక పాటించెను.

ఈ జి.పి.యస్. మన సొత్తు కాదని మఱవరాదు. 1983 సెప్టెంబరు 1వ తేదీన కొరియావారి విమానము దారి తప్పి రష్యా గగనమున ప్రవేశించి కూల్చబడి 269 మంది మడిసిన పిమ్మట, అమెరికా అధ్యక్షుడు రీగన్ ఈ సాధనము సిద్ధము కాగానే లోకులందఱికిని ఉచితముగా ఇత్తుమని ప్రకటించెను. ఇచ్చిరి, కాని 2000 మే నెలవఱకు సామాన్యుల కిచ్చు సంకేతమును బుద్ధిపూర్వకముగా చెఱచి యిచ్చిరి. దాతను నిందింప మేము సిద్ధముగా లేము. పొరుగువాని బావినీటితో కాపురము సాగించువాడు తన దొడ్డిలో నుయ్యి త్రవ్వుకొనవలయు నని మాత్రము చెప్పుదుము.

మన దేశము త్రవ్వుకొన్నది. ఇస్రోయు, విమానాశ్రయాధికార సంస్థయు గలిసి 700 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో "గగన్" అను వ్యవస్థను నిర్మించినవి. దేశమున 15 తావుల, జమ్మునుండి తిరువనంతపురమువఱకు, పోరుబందరునుండి పోర్టుబ్లెయిరువఱకు, చక్కగా కొలిచి నిలిపిన కేంద్రములు గలవు. అవి జి.పి.యస్. పలుకును విని, తమ నిజమైన తావుతో పోల్చి, తప్పెంతో బెంగుళూరి ప్రధానకేంద్రమునకు తెలుపును. అచ్చట లెక్క గట్టిన సవరణ ఉపగ్రహముల ద్వారా మరల విమానములకు ప్రసారమగును. ఏదైన నొక ఉపగ్రహము అబద్ధమాడుచున్నచో సెకనులలో హెచ్చరిక వచ్చును. ఈ సవరణల యంత్రములను మోసికొని జీశాట్-8 2011 మే 21న, జీశాట్-10 2012 సెప్టెంబరు 29న, జీశాట్-15 2015 నవంబరు 11న ఆకాశమున కెక్కినవి. మూడును ఫ్రెంచివారి రాకెట్టులమీదనే, వారి గయానానుండియే యెక్కినవన్న మాటయు దాచవలసిన పని లేదు. అమెరికా, ఐరోపా, జపానుల తరువాత ఇట్టి వ్యవస్థ గలది మన దేశమే.

తక్కినవారికి లేని కష్టము మనకు కలిగినది. నేలకు వందల మైళ్ల పైన సూర్యకిరణములచేత విద్యుదావేశము నొందిన వాయుమండలమున్నది. ఉపగ్రహపు పలుకు దానిలోనుండి వచ్చునపుడు ఆలస్యమగును. ఉత్తరదేశములలో ఆ మండలము ఇంచుమించు సమముగా నుండును. మనకట్లు కాదు. భూమియొక్క అయస్కాంత మధ్యరేఖ మన ద్వీపకల్పపు దక్షిణాగ్రమునకు సమీపమున పోవుచున్నందున, పగటివేళ అచ్చటి విద్యుత్కణములు పైకి లేచి ఉత్తరమునకు జాఱి మధ్యభారతముపై గుట్టగా పడును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట అందు బుడగలు లేచి సంకేతమును మినుకుమనిపించును. ఐరోపావారి లెక్క తెచ్చి అంటించిన నిచ్చట పనికి రాదు; మన యాకాశమును మనమే కొలుచుకొనవలసివచ్చినది. ఈ కొలతలో ఆంధ్రులకు పాలున్నదని చెప్పుటకు మాకు సంతోషముగా నున్నది. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్రశాఖలో ఈ మండలమునుగూర్చిన పరిశోధన తరతరములుగా సాగుచున్నది. దేశమంతట నెలకొల్పిన గగన్ రిసీవరుల కొలతలను చేర్చి, 2004-2005 సంవత్సరములలో ఈ విద్యుత్కణసంచయము చోటునుబట్టి, వేళనుబట్టి ఎట్లు మాఱినదో పి. వి. యస్. రామారావుగారును వారి సహాధ్యాపకులును 2006లో ప్రకటించిరి. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయములోను ఈ విషయమునకై ప్రత్యేకశాఖ పనిచేసినది. 1840లోనే గోడే వేంకటజగ్గారావుగారు సొంత ధనముతో నక్షత్రశాల కట్టించిన విశాఖపట్టణమునకు ఇది క్రొత్త విద్య కాదు.

టైడాకును ఇందొక భాగ్యము పట్టినది. జీశాట్-10ను 83 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలిపిరి. టైడాయు ఇంచుమించు ఆ రేఖమీదనే యున్నది. కావున ఆ లోయలో నిలుచున్నవానికి ఆ యుపగ్రహము సూటిగా దక్షిణమున, దిగంతమునుండి 68 డిగ్రీల యెత్తున, నడినెత్తికి దగ్గఱగా నుండును. ఎంతటి కొండయు దానిని మఱుగుపఱుపజాలదు. జి.పి.యస్. ఉపగ్రహములు కొన్ని చాటు కావచ్చును గాని, వానిలో నేది నమ్మదగినదో చెప్పు సాక్షి మాత్రము కనులయెదుటనే యుండును.

సాక్షి పలికినంతమాత్రమున చాలునా? వినువా డుండవలయును గదా! మా ఫిర్యాదు ఇచ్చటనే. ప్రయాణమున దారి చూపుటకు గగన్ 2014 ఫిబ్రవరిలోను, ఎత్తుతో గూడ రన్‌వేమీదికి దింపుటకు 2015 మేలోను వినియోగమునకు వచ్చినది. రన్‌వే చెంత లక్షలు పోసి రేడియోస్తంభములు నాటకయే, సుమారు 250 అడుగుల యెత్తువఱకు మేఘములో విమానమును దింపగల శక్తి చిన్న విమానాశ్రయములకు వచ్చినది. కాని మన దేశపు ప్రయాణికవిమానము మొట్టమొదటిసారి ఇట్లు దిగినది 2022 ఏప్రిలులో, రాజస్థానములోని కిషన్‌గఢమున. అది ఇండిగోవారి ఏ.టి.ఆర్. విమానము. నడుమ ఏడేండ్లు గడచినవి. 2019 జనవరి 1నుండి దేశమున నమోదగు ప్రతి విమానమునను గగన్ వినగల సాధన ముండవలెనని 2016 నాటి పౌరవిమానయాన విధానము శాసించినది. గడువు వచ్చినపు డది ముందునకు జరుపబడినది. పాత విమానములలో యంత్రములు మార్చుటకు వ్యయమగునని కంపెనీల వాదము. వ్యయమగుట నిజమే. చెఱువు త్రవ్వి, తూము కట్టి, పంటకాలువ మాత్రము త్రవ్వక యుంచిన గ్రామమును మన పాఠకులే మనవచ్చును?

యంత్రమున్న చోటను సిద్ధపఱచుటలో లోపము కలుగవచ్చును. అన్యదేశములలో తయారైన కొన్ని రిసీవరులలో అమెరికా, ఐరోపా వ్యవస్థలను వినుట తెఱచియుండి, గగన్ వినుట మూసియుండును. ఎవరో యొకరు ఆ పుట తెఱచి దానిని చేర్చవలయును. ఉపగ్రహముల పట్టికలో 127, 128 అంకెలు కనబడినచో గగన్ పలుకు చెవిని బడుచున్నదని గుర్తు. ఆ యంకెలు లేకున్నను యంత్రము తావును చూపుచునే యుండును. చోదకుడు చూచుకొననిచో భేదము తెలియదు. అందులకే సవరణ లేని వేళ యంత్రము తన్ను తాను పరీక్షించుకొను పద్ధతి యొకటి గలదు. నాలుగు ఉపగ్రహములు తావును చెప్పును. అయిదవది యున్నచో తప్పున్నదని తెలియును. ఆఱవది యున్నచో తప్పు దేనిదో తెలియును. చేరబోవు చోట, చేరబోవు వేళకు అన్ని యుపగ్రహము లుండునో లేదో ముందుగానే లెక్క చూచుకొనుట బయలుదేరుటకు ముందు చేయవలసిన పనులలో నొకటి. లోయలోనికి దిగువాడు కొండలు మ్రింగు భాగమును గూడ తీసివైచి లెక్కింపవలయును.

ఇటీవల క్రొత్త ముప్పొకటి వచ్చినది. 2023నుండి పశ్చిమాసియా మార్గములలో శత్రుసంకేతములు జి.పి.యస్. వేషము వేసి విమానముల రిసీవరులను మోసగించుట మిక్కుటమైనది. ఆ యేడు నవంబరులో మన పౌరవిమానయాన శాఖాధికారులు హెచ్చరిక వెలువరించిరి. 2025 నవంబరులో ఢిల్లీ పరిసరములలోనే ఇట్టిది జరిగినది. మోసపోయిన యంత్రము తావు నొక్కదానినే కాదు, గడియారమును గూడ తప్పించును. కొండ వచ్చుచున్నదని మొఱపెట్టు యంత్రమును ఆ తావునే నమ్ముకొని యుండుటచేత, లేని కొండకు కేకలు వేయును. రెండు మూడుసార్లు అట్లు వంచితుడైన చోదకుడు ఉన్న కొండకు వేసిన కేకను గూడ పెడచెవిని పెట్టునేమో యని నిపుణుల భయము. అందుచేతనే దిక్సూచి, ఎత్తుమాపకము, నేలమీది రేడియో కేంద్రములు మూలబడవైచుట అవివేకము. 2013 జులై 1న శ్రీహరికోటనుండి మొదటి యుపగ్రహము నెగురవేసి 2016 నాటికి ఏడింటిని నిలిపిన మన నావిక్ వ్యవస్థ సొంత గడియారములతో నిలుచు ప్రయత్నము; అందలి గడియారములు కొన్ని చెడుటయు, వాని స్థానమున 2023నుండి క్రొత్తవానిని పంప నారంభించుటయు పాఠకులెఱుగుదురు.

కొండజనమునకు దీనితో నేమి పని యని యొకరు ప్రశ్నింపవచ్చును. రోగిని డోలీలో మోసికొని దిగు గ్రామములు ఆ కొండలలో ఇంకను గలవు. వరదలలో బాట తెగినపు డచ్చటికి చేరునది రెక్కల వాహనమే. 2021 సెప్టెంబరు 11న వికారాబాదున మందులను డ్రోనులమీద పంపు ప్రయోగము మొదలైనది. చోదకుడు లేని ఆ వాహనమునకు కన్నును చెవియు రిసీవరే. బయలుదేరు తావును తప్పుగా గ్రహించినచో తిరిగి వచ్చునపుడు ఆ తప్పు తావునకే వచ్చి దిగును. లోయలో అది చెట్టుకొమ్మ కావచ్చును, చఱియ కావచ్చును.

పార్లమెంటులోని మన ప్రతినిధులు అడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. జీశాట్-8ను పండ్రెండేండ్ల యాయువునకు నిర్మించిరి. ఆ గడువు 2023లోనే నిండినది. జీశాట్-15 పండ్రెండేండ్లును, జీశాట్-10 పదునైదేండ్లును 2027లో నిండును. ఉపగ్రహములు గడువు దాటియు పనిచేయుట కలదు గాని, దానిమీద ఆశ పెట్టుకొని ఎవరును రన్‌వేలు కట్టరు. మూడింటికిని వారసులెవరు, అవి ఏ సంవత్సరమున ఎక్కును, అవి పలుకునప్పటికి వినగల రిసీవరులు ఎన్ని విమానములలో, ఎన్ని హెలికాప్టరులలో నుండునో ప్రభుత్వమువారు లెక్క చెప్పవలయును. భోగాపురమున క్రొత్త విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. ఆ రన్‌వేనుండి పడమటికి చూచువానికి కనబడునవి యీ కొండలే.